నీలం నోటు టిప్పు

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే ప్రపంచంలో ఎక్కడైనా నెగ్గుకురావచ్చని నా నమ్మకం. (ఆ ముక్కలు పనిచేయని దేశాలు బోలెడున్నాయని నాకెవరూ చెప్పలేదు.) భీమవరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీలో కొత్తగా చేరాను. మొగల్తూరు దగ్గర చెరువులున్న రాజుగారు వియత్నాంలో సాగు చూసొస్తానంటే, కంపెనీవాళ్ళు నన్ను తోడిచ్చి, ఖర్చుల డబ్బు నా చేతిలో పెట్టారు.

అక్కడి డబ్బు డాంగ్‌లు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో భోంచేస్తే బిల్లు లక్షల్లో వచ్చింది. రాజుగారు మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేసి, "ఏంటబ్బాయ్, లక్షలు తినేశామా?" అన్నారు. పన్నుతో కలిపినా మన లెక్కలో వెయ్యి రూపాయల లోపేనని విడమరిచి చెప్పి, ఆ ఊపులోనే వడ్డించిన అమ్మాయికి ఇరవై వేల డాంగ్‌ల నీలం నోటు టిప్పిచ్చాను. అంటే మనకి అరవై రూపాయల చిల్లర. ఆ అమ్మాయి నోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, ఏదో అడిగింది. అర్థం కాకపోయినా దర్జాగా తలూపాను.

చెరువులు చూసొచ్చి, చీకటి పడ్డాక టాక్సీ దిగుతూ పర్సు తీస్తే, ఇరవై వేల నోటు అందులోనే ఉంది. లేనిది ఐదు లక్షల నోటు. అదీ నీలమే. టిప్పుకింద పదహారు వందల రూపాయలని లెక్క రాస్తే ఉద్యోగం ఉంటుందా? నా మొహం చూసి రాజుగారు సంగతి లాగేశారు.

"వెళ్ళి అడిగేద్దాం పద."

"ఇచ్చిన టిప్పు వెనక్కెలా అడుగుతామండి?"

"నువ్వు ఇంగ్లీషులో అడుగు. నాకెలాగూ అర్థం కాదు, సిగ్గుండదు."

హోటల్ గుమ్మంలో కాలు పెట్టామో లేదో, ఆ అమ్మాయి ఎదురొచ్చి మమ్మల్ని తిన్నగా ఒక టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇద్దరికి కంచాలు, పొగలు కక్కుతున్న చేప. మేం తెల్లబోతే, ఫోన్లో ఏదో చెప్పి ఇంగ్లీషులోకి మార్చి చూపించింది. అంత పెద్ద నోటు రాత్రి భోజనానికి అడ్వాన్సా అని అడిగిందట, నేను అవునన్నానట.

గుండెల మీంచి బరువు దిగిపోయింది. అప్పటిదాకా లేని ఆకలి ఒక్కసారిగా వేసింది. తిన్నాక ఆ అమ్మాయి భోజనం ఖర్చూ, పన్నూ, సర్వీసు చార్జీ పోను మిగతా డబ్బు తిరిగిచ్చింది. "టిప్పివ్వవేంటోయ్?" అన్నారు రాజుగారు. దీపం కిందకెళ్ళి, సున్నాలు వేలితో లెక్కపెట్టి మరీ ఇచ్చాను.

తర్వాత చాలా దేశాలు తిరిగాను. ఇప్పుడు ఎక్కడ ఎంతివ్వాలో ఫోనే చెబుతోంది, పొరపాటు పడే అవకాశమే లేదు. అయినా ఏమీ తెలియకుండా దర్జాగా తలూపిన ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. అంత రుచిగా ఏ దేశంలోనూ మళ్ళీ తినలేదు.