అక్క వంక పెట్టిన పులుసు

పిల్లలు నెల రోజులుగా పోరుతుంటే ఇవాళ అక్కావాళ్లతో కలిసి రాజమండ్రి బయట ఉన్న వాటర్ పార్కుకి వెళ్లాం. అక్కకి కీమోథెరపీ పూర్తయి మూడు నెలలైంది. జబ్బు తగ్గిందన్నారు కానీ నాలుకకి రుచి మాత్రం రాలేదు. ఏం పెట్టినా "మట్టి తిన్నట్టుందే" అని రెండు ముద్దలకే లేచిపోయేది. మండపేటలో వాళ్ల వీధంతా మెచ్చుకునే చేపల పులుసు అక్కది. అలాంటి మనిషి వంటింట్లోకి వెళ్లడమే మానేసింది.

మధ్యాహ్నం పార్కులోని రెస్టారెంటులో భోజనానికి కూర్చున్నాం. అన్నంతో పాటు చేపల పులుసు తెచ్చారు. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు. బావగారు చిరాగ్గా సర్వర్‌ని పిలిచారు. అంతలో అక్క ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఇందులో ఉప్పెక్కువైంది కదా?"

బావగారు గబుక్కున అక్క వైపు తిరిగారు.

"మెంతులు కూడా మాడ్చేశారు," అంది అక్క, ఇంకో ముద్ద కలుపుకుంటూ.

సర్వర్ వచ్చి, "పులుసు బాగోలేదాండీ?" అని అడిగారు.

బావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చాలా బాగుందండి. ఇంకో గిన్నె తెండి," అన్నారు.

అక్క నవ్వలేదు, ఏడవలేదు. తలొంచుకుని, చాలా నెమ్మదిగా కంచం మొత్తం ఖాళీ చేసింది.

నా వంటకి వంక పెడితే ఇంట్లో అందరి మీదా విసుక్కునేదాన్ని. ఇక విసుక్కోను. మరి, ఇవాళ మీ ఇంట్లో కూరకి ఎవరు వంక పెట్టారు?