మా కాక నడుమును నిలబెట్టిన బొమ్మ

బొమ్మ వేసి సొంత బంధువు సెలవు ఊడగొట్టిన చిత్రకారుణ్ణి మీరెక్కడైనా చూశారా? లేదా? అయితే ఇదిగో, నేనే. నా ఘనకార్యం వల్ల మా మల్లేశం కాక ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. సంగతంతా వింటే మీరూ ఆయన పక్షమే చేరతారు.

తొంభైల మొదట్లో మా గోదావరిఖనిలో ఖాదర్ మాస్టర్ అని ఒక పెయింటర్ ఉండేవాడు. పగలంతా కొట్లకు బోర్డులు రాసి, సాయంత్రం ఒక పాత రేకుల షెడ్డులో మాకు బొమ్మలు నేర్పేవాడు. ఆ షెడ్డుకు 'అందరి చిత్రశాల' అని పేరు. బొగ్గు గనిలో దిగే బాయి పనివాళ్లు, టీచరమ్మలు, ఐటీఐ పాసై ఊరికే తిరిగే నాలాంటివాళ్లు, అందరం ఒకే చాప మీద.

నా గురించి మాస్టర్‌కు ఒకటే బెంగ. నేను ఎవరి ముఖం వేసినా ఇంకెవరిదో అయ్యేది. మా అమ్మ బొమ్మ వేస్తే అమ్మే చూసి, "ఎవర్రా గీ పోలీసాయన?" అంది.

ఇంతలో ఏటా పెట్టే ప్రదర్శన దగ్గరపడింది. "ఈసారి మనిషిని ముందల నిలబెట్టుకొని వెయ్యి బేటా," అన్నాడు మాస్టర్.

నిలబడేదెవరు? సరిగ్గా అప్పుడే మా నాన్న తమ్ముడు మల్లేశం కాక ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. నడుము నొప్పి, నిలబడలేనని దవాఖానలో మూలిగి బాయికి పదిహేను రోజుల సిక్ లీవు రాయించుకున్నాడు.

"కాకా, బొమ్మకు నిలబడ్తవా?"

"ఎంతసేపురా?"

"రోజుకు రెండు గంటలు. భుజం మీద బొగ్గు తట్ట పెట్టుకోవాలె."

"గంతేనా! ఫికర్ చెయ్యకు, గుట్టలెక్క నిలబడ్త."

మూడు రోజులు అలాగే నిలబడ్డాడు. దోమ కుట్టినా కదల్లేదు. నా చేతికి ఏం పూనిందో గానీ, కాక అచ్చుగుద్దినట్టు దిగాడు, ఎడమ చెంప మీది పులిపిరితో సహా! ఆనందం పట్టలేక కింద సంతకం చేసి, తేదీ కూడా పెద్దగా వేశాను. నన్నెవరడిగారు తేదీ?

ప్రదర్శన రోజు నా బొమ్మ కింద ఆ బొగ్గు తట్టనే అలంకారంగా పెట్టాం. ముఖ్య అతిథి జీపు దిగాడు. చూస్తే, కాకకు లీవు రాసిన డాక్టరే!

ఆయన నా బొమ్మ ముందు ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తేదీ చూశాడు. "పోయిన వారం వేసిందా? ఈయన మన మల్లేశం కదా?"

పుట్టి బుద్ధెరిగాక నేను వేసిన ముఖాన్ని మొదటిసారి ఒకరు గుర్తుపట్టారు. నేనేమో కాదనాలి!

"కాదు సార్, ఊహించి వేసిన. నాకు పోలికలు రావు సార్."

"రాకపోవుడేంది?" మాస్టర్ రోషంగా ముందుకొచ్చాడు. "అచ్చం మల్లేశం భాయే! పులిపిరి జూడుండ్రి సార్!"

మాస్టర్ కాలు గట్టిగా తొక్కి, "అది రంగు చుక్క సార్," అన్నాను.

డాక్టర్ తల పంకించాడు. "నిజమే. మల్లేశం నిలబడనే లేడు పాపం. ఇది వేరే ఎవరో," అంటూ పక్క బొమ్మ వైపు తిరిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు జనం వెనక నుంచి ఒక గర్జన. "ఏంది, నేను గాదా?"

మా కాక! నడుము మీద చెయ్యి వేసుకుని వచ్చినవాడు ఆ చెయ్యి తీసేసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మూడు దినాలు నిలబడితి! కాళ్లు తిమ్మిరెక్కినా కదలకపోతి! ఇప్పుడు వేరే ఎవరోనా?" అంటూ బొగ్గు తట్టను ఒక్క ఊపున భుజానికెత్తి బొమ్మ పక్కన నిలబడ్డాడు. "ఇగ జూడుండ్రి! నేనా, కాదా?"

డాక్టర్ మెల్లగా వెనక్కి తిరిగాడు. బొమ్మను చూశాడు, కాకను చూశాడు.

"నువ్వే మల్లేశం. అనుమానమే లేదు. రేపు పొద్దున్నే మొదటి షిఫ్టుకు పో."

ఎదురుగా ఉన్నదెవరో కాకకు అప్పుడు తెలిసింది. తట్ట దించుతూ "అబ్బా, నడుము!" అన్నాడు గానీ, ఎవరూ నమ్మలేదు.

డాక్టర్ ఆ బొమ్మను ముచ్చటపడి అడిగి తీసుకెళ్లి, దవాఖానలో తన కుర్చీ వెనక గోడకు తగిలించుకున్నాడు. నడుము నొప్పి అంటూ ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడట.

అందుకే రంగు డబ్బాల సాక్షిగా కుంచె పట్టుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో బంధువుల బొమ్మ వెయ్యను. వేసినా పోలిక రానివ్వను. ఇప్పుడు వంకాయలు మాత్రమే వేస్తున్నాను. "ఇది నువ్వు కాదు" అన్నా వంకాయకు రోషం రాదు.