పెండ్లికార్డు వెనకాల నిధి గది

ఆ రోజుల్లో నల్గొండలో నోటిఫికేషన్ కోసం ఎదురుచూడడం కూడా ఒక ఉద్యోగమే. తెలంగాణ వచ్చింది, కొలువులు పడతాయన్నారు, మా ఈడు వాళ్లమంతా డిగ్రీలు పట్టుకొని కూర్చున్నాం. కూర్చోవడానికీ ఒక జాగా కావాలి కాబట్టి నేను పెండ్లికార్డులు అచ్చువేసే దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దుకాణం ఆయనను ఊరంతా కార్డుల కాక అనేవాళ్లు. కాక ఎన్నడూ గొంతు పెంచని మనిషి. ఆయనకు కోపం వస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. నేను చేరిన మొదటి నెలలో ఆ అద్దాలు చాలా శుభ్రంగా ఉండేవి.

ఆ ఎండాకాలం హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివే మా తమ్ముడు సెలవులకు వస్తూ ఒక ఆట పట్టుకొచ్చాడు. ఒకరు కథ నడిపిస్తారు, మిగిలినవాళ్లు ఆ కథలో వీరులవుతారు. "నేను తలుపు తీస్తున్న" అని వీరుడు అంటే తీసినట్టే. లోపల ఎవరున్నారో కథ నడిపే మనిషి చెబుతుంది, కత్తి దెబ్బ తగిలిందా లేదా పాచిక చెబుతుంది. మేము నలుగురం: నేను, తమ్ముడు, డీఎస్సీకి చదువుతున్న నా స్నేహితురాలు (అందరం టీచరమ్మ అనేవాళ్లం, కొలువు కంటే ముందు పిలుపు వచ్చింది), మందుల దుకాణంలో పనిచేసే మా చిన్నమ్మ కొడుకు. వాడు ఆటలో వైద్యుడు. రాక్షసుడు కరిచిన వీరుడికి కూడా "తిన్నంక రెండు పూటలు" అని చెప్పేవాడు. కథ నడిపేది నేను. ఇంట్లో నా మాట ఎవరూ వినరు కాబట్టి ఆ పని నాకు బాగా నచ్చింది.

ఆటకు పటం కావాలి. ఒక్కో గదికి ఒక్కో ముక్క ఉంటుంది. వీరులు తలుపు తీసినప్పుడల్లా తర్వాతి ముక్క తెచ్చి పక్కన పేర్చాలి. తమ్ముడు నెట్‌లో దించి అచ్చు తీసిన ముక్కల నిండా మంచు, పొగగొట్టాలు, తోడేళ్లు. "గిండ్ల మనోళ్లు ఏడ ఉంటరే?" అని టీచరమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందుకని మధ్యాహ్నం కాక అన్నానికి వెళ్లినప్పుడు కంప్యూటర్లో నేనే ఒక పాత గడిని, దొర ఉండే కోటలాంటి ఇంటిని గీశాను. బురుజులు, దిగుడుబావి, ధాన్యం కొట్టు, గొర్ల దొడ్డి అన్నీ పెట్టాను. వీరులు ఎంత దూరం నడిచారో తెలియడానికి ప్రతి ముక్క మీదా ఇంచు ఇంచుకు గళ్లు గీశాను. అచ్చు తీస్తే చూడముచ్చటగా ఉంది కానీ, మామూలు కాగితం ఫ్యాను గాలికి ఆగేది కాదు. ఆరుగురు దొంగలతో సహా ధాన్యం కొట్టు మంచం కిందికి పోయేది. మందమైన అట్ట కావాలి. అట్ట దుకాణంలో ఉంది.

ఎందుకుందంటే, ఒక పెద్దమనిషి తన బిడ్డ పెండ్లికి వేయించిన కార్డుల్లో వరుడి పేరు ఉండాల్సిన చోట పిల్ల తండ్రి పేరు పడింది. (కంపోజ్ చేసిందెవరని అడగకండి. దుకాణంలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్.) ఆయన పెద్ద గొర్ల మంద ఉన్న ఆసామి. కార్డు చదివి, ఇంకోసారి చదివి, "కాకా, గిది ఒక్కటి గూడ బయట కనబడొద్దు" అని మాత్రం అన్నాడు. కాక అద్దాలు తుడుచుకున్నాడు. కొత్తవి వేసిచ్చి, పాతవాటికి అగ్గిపెట్టమని నాకు చెప్పాడు. సరేనన్నాను. కానీ ఆ అట్టను మీరు చూడలేదు. వెనకవైపు పాలమీగడ రంగు, చేత్తో రాస్తే పట్టుబట్టలా జారేది. అగ్గిపుల్ల గీయడానికి నాకు చేతులు రాలేదు. గడి ముక్కలన్నీ ఆ కార్డుల వెనకవైపే అచ్చు తీశాను.

ఇక ఆడడానికి జాగా. మా ఇంట్లో ఆడితే అమ్మ వంటింట్లోంచి "పొద్దుగాల్నుంచి ఎవల్ని సంపుతున్నరే?" అని అరిచేది, అది పక్కింటికి వినబడేది. అందుకని ఆదివారాలు ఊరి బయట గుట్ట మీది పాడుబడ్డ మండపానికి వెళ్లేవాళ్లం. అదే గుట్ట మీద అంతకు ముందు ఎవరో గుప్తనిధుల కోసం తవ్వి పారిపోయారని, పోలీసులు వెతుకుతున్నారని మాకు తెలియదు. మేము కరెంట్ అఫైర్స్ రోజూ చదివేవాళ్లమే. అది పరీక్షలో వచ్చే రకం కాదు. ఒక ఆదివారం గాలిదుమారం లేస్తే ముక్కలన్నీ ఊడ్చుకొని గుట్ట దిగాం. ఒకటి మిగిలిపోయింది. అన్నింటిలోకీ ఆ ఒక్కటే, నిధి గది. దాని మీద నా చేతిరాతతో ఇలా ఉంది: "నిధి ఇచ్చట కలదు. మూడు గడులు తవ్వవలెను. కావలి ఒక రాక్షసి. అది మేల్కొన్న ఇద్దరు చత్తురు."

మేకలు కాసే ఒకాయన దాన్ని తీసుకెళ్లి స్టేషన్లో ఇచ్చాడు. పోలీసులు తిరగేసి చూశారు. వెనకాల పేరు, ఊరు, ముహూర్తంతో సహా అచ్చై ఉంది.

మంగళవారం దుకాణం ముందు కానిస్టేబుల్ బండి ఆగింది. వెనక సీటు మీద ఆ గొర్ల ఆసామి. ఆయన దిగి, ముక్కను బల్ల మీద పెట్టి, "అగ్గివెట్టినన్నవ్ గదా కాకా?" అన్నాడు. కాక ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. అద్దాలు తీశాడు, కానీ తుడవలేదు, చేతిలో పట్టుకొని అట్లే నిలబడ్డాడు. ముప్పై ఏండ్లుగా ఆ బల్ల వెనకాల మాట తప్పని మనిషి ఆయన. అప్పుడు మా ఇంట్లో నాకొక సంబంధం నడుస్తున్నది. స్టేషన్ మెట్లెక్కిన పిల్ల అని తెలిస్తే ఏమవుతుందో తెలుసు. అయినా "కాకకు తెల్వది సార్, దాచింది నేనే" అన్నాను. కానిస్టేబుల్ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మరి తవ్వింది?" అన్నాడు.

ముక్కల డబ్బా చంకలో పెట్టుకొని స్టేషన్‌కు వెళ్లాను. కాక దుకాణానికి షట్టర్ దించి నా వెంట వచ్చాడు. ఎస్సై సారు చిన్న వయసువాడే. పక్కన రాతపని చూసే హెడ్డు కాగితాలు సర్దుకొని సిద్ధంగా ఉన్నాడు.

"మూడు గడీలు తవ్వాలని రాసినవ్. ఏ ఊర్ల గడీలు?"

"గడీలు కాదు సార్, గడులు. గివి, ఇంచు ఇంచు గళ్లు."

"ఈ రాక్షసి ఎవలు?"

"నేనే సార్. అంటే, దాని తరఫున మాట్లాడేది నేను."

"సచ్చే ఇద్దరు?"

"మా తమ్ముడు, మా చిన్నమ్మ కొడుకు సార్. పోయిన ఆదివారం గూడ సచ్చిన్రు."

హెడ్డు రాయడం ఆపి, "సార్, రాక్షసిది ఊరు, మండలం ఏం రాయాలె?" అని అడిగాడు. ఎస్సై సారు నుదురు రుద్దుకొని, "నాకేం సమజైతలేదమ్మా. ఆడి సూపియ్" అన్నాడు.

బల్ల మీద గడి ముఖద్వారం పేర్చాను. ఎస్సై సారు వీరుడు. మొదటి తలుపు దగ్గరే "పోలీస్! తలుపు తియ్యి!" అని గద్దించాడు. "లోపల దొంగలున్నరు సార్. ఇప్పుడు తయారుగున్నరు" అని చెప్పాల్సి వచ్చింది. మూడో గదికి వచ్చేసరికి సారుకు ప్రాణం సగమే మిగిలింది. అప్పటిదాకా గోడ పక్కన కూర్చొని ముఖం గంటు పెట్టుకున్న ఆసామి కుర్చీ ముందుకు జరుపుకొని, "సార్, జర ఆగుండ్రి. గా గొర్ల దొడ్డికి ఎన్కదిక్కు దిడ్డి ఉన్నది. గండ్లకెళ్లి పోతే దొంగలు తగలరు" అన్నాడు. రెండు నెలలు ఆడిన మా నలుగురిలో ఎవరికీ ఆ దిడ్డి తలుపు కనబడలేదు. గీసిన నాకు కూడా. "గొర్లను ముంగట తోలుండ్రి. రాక్షసి లేసినా ఫస్టు గొర్లనే తింటది" అని కూడా ఆయనే చెప్పాడు. కాక ఎప్పుడు లేచి వచ్చాడో, నా భుజం మీది నుంచి వంగి చూస్తున్నాడు.

నిధి గదిలో ఎస్సై సారు, పాచిక మీద ఒకటి పడి, రాక్షసి చేతిలో చనిపోయాడు. ("నేనా?" అని రెండుసార్లు అడిగాడు.) అప్పటికి ఆటలో దిగిన ఆసామి మిగిలాడు. ఆయన వేలితో గళ్లు ఎంచి, ఒకటి, రెండు, మూడు తవ్వి, నా ముఖంలోకి చూశాడు. "ఏమున్నది బిడ్డా?"

స్టేషన్ మొత్తం నా వైపు చూసింది. "ఏమో నాయినా. తవ్వేదాక ఎవ్వలు రాలె. ఏం పెట్టాల్నో నేను ఇంక అనుకోలె."

ఆసామి నవ్వాడు. పెద్దగా, మంద అవతలి గట్టుకు వినబడేటట్టు నవ్వాడు. ఎస్సై సారు నవ్వలేదు, అప్పుడే చనిపోయాడు కదా. హెడ్డు మాత్రం తల వంచుకొని శ్రద్ధగా రాశాడు: "సదరు గదిలో నిధి లేదని విచారణలో తేలినది."

పోలీసులు పొమ్మన్నారు. ముక్కలు నా దగ్గర ఉంచుకోవడానికి ఆసామి ఒక్క షరతు పెట్టాడు: తన పేరు కనబడకుండా వెనకాల కాగితం అతకాలి, తను చూస్తుండగా. ఆ సాయంత్రం దుకాణంలో కాక స్వయంగా గోందు గిన్నె తెచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పది పన్నెండు ముక్కలు అతికాక, "బురుజు మంచిగొచ్చింది" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. సంబంధం వాళ్లకు సంగతి తెలిసింది, వారం తర్వాత జాతకాలు కుదరలేదన్నారు. (ముందు కుదిరిన జాతకాలే.)

నోటిఫికేషన్ చివరికి పడింది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో భూముల కొలతల ఆఫీసులో పనిచేస్తున్నాను. మేము నలుగురం కలిసి కూర్చునేది ఎవరి పెండ్లిలోనైనా, అదీ భోజనాల బంతిలో. మొన్న ఒక పెద్దమ్మ తన రెండెకరాల పటం నా ముందు పరిచి, మూలన ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, "గీడ ఏమున్నది బిడ్డా?" అని అడిగింది. రాళ్లు, తుమ్మచెట్లు, పడావు పడ్డ బీడు భూమి. కార్డుల దుకాణంలోని ఇరవై మూడేండ్ల ఆ పిల్ల ఇక్కడ కూర్చొని ఉంటే, గొంతు తగ్గించి, "నువ్వు దగ్గరికి పోయినవ్, లోపల్నించి ఏదో సప్పుడు వచ్చింది" అని మొదలుపెట్టేది. నేను కాసేపు ఆ మూల వైపే చూశాను. తర్వాత పడావు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాను.