ఏకగ్రీవానికి అడ్డం పడ్డ యాకమ్మ

పాలకుర్తి దారిలోని మా ఊళ్లో గత మూడుసార్లూ సర్పంచ్ ఎన్నిక జరగనే లేదు. పెద్దమనుషులు కూర్చుని ఒకరి పేరు అనుకునేవారు, మిగతావాళ్లు నామినేషన్లు వెనక్కి తీసుకునేవారు. దానికి ఏకగ్రీవమని ముద్దుపేరు. ఈసారి ట్రాక్టర్ల రమాకాంత్ తనను సర్పంచ్‌ను చేస్తే గుడికి ప్రహరీ కట్టిస్తానన్నాడు. ఇంకేం, పని అయిపోయిందనుకున్నారు. యాకమ్మ మాత్రం తన నామినేషన్ వెనక్కి తీసుకోలేదు.

గడువు మధ్యాహ్నం మూడింటికి. రెండు దాటాక పెద్దమనిషి సదానందం నలుగురిని వెంటేసుకుని ఆమె వాకిట్లోకి వచ్చాడు. పక్కింటి గోడ దగ్గర నిలబడి నేనూ విన్నాను.

"ఊరంతా ఒక్క మాట మీదున్నది చెల్లె. నువ్వెందుకు అడ్డం పడ్తానవ్?"

"ఊరంతా అంటే ఎవలే అన్నా? మా ఆడోళ్లను పిలిచిండ్రా?"

యాకమ్మ అన్న కూతురు సుకన్య హన్మకొండలో రాజనీతిశాస్త్రం చదువుతోంది. ఆ పిల్ల ఊరుకోలేకపోయింది.

"ఇండోనేషియాల గూడ అందరు కూసొని మాట్లాడి ఒప్పుకునుడే మంచిదంటరు పెద్దబాపూ. కని ముందుగాల కాదన్నోళ్ల మాట ఇంటరు. అధికారం జనానిదని వాళ్ల రాజ్యాంగంల రాసుకున్నరు."

"ఆ దేశం ముచ్చట మనకెందుకు బిడ్డా?" అన్నాడు సదానందం.

నాకు ఒళ్లు మండింది. మన దేశం ముచ్చట చెబితే మాత్రం వినేవాడా!

యాకమ్మ భర్త సారయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. యాసంగి పంట దుక్కులు ముందున్నాయి. ఊళ్లో ట్రాక్టర్లన్నీ రమాకాంత్‌వే.

"మనకు ట్రాక్టర్ రాకపోతే పొలం పడావు పడ్తది. జర వాపస్ తీస్కోవే."

యాకమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకూ బుగులైతాంది. గెలుస్తనని గాదు. నేను తప్పుకుంటే ఈసారి గూడ సర్పంచ్‌కు ఒక్కలూ ఓటెయ్యరు."

మూడయింది. ఎవరూ ఆమెను తిట్టలేదు. సదానందం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఎన్నికలో యాకమ్మ ఓడిపోయింది, అదీ చిత్తుగా. ఇక పొలం గతేమిటని సారయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం ముసలి మొగిలమ్మ వాళ్లింటికి వచ్చి అరుగు మీద చతికిలబడింది.

"నీకెయ్యలే బిడ్డా, రమాకాంత్‌కే ఏసిన," అంది. యాకమ్మ నవ్వింది.

"ఇన్నేండ్లల ఆయన నా గడప తొక్కుడు ఇదే మొదలు. నువ్వు నిలవడ్డందుకే రెండు చేతులు జోడిచ్చి ఓటడిగిండు."