బుడబుడకీ కీచుకీ మధ్య

మా ఆయన డాక్టరు. అయినా ఆయన చేతులకి ఎప్పుడూ పెట్రోలు వాసనే. వారమంతా ఇక్కడ ఐర్లండులో, పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో గుండెలు వినడం, శనివారం మధ్యాహ్నం అయ్యేసరికి పెరట్లో షెడ్డులో దూరి పాత రంపాల మీద పడటం. రంపమంటే ఇద్దరు చెరోవైపూ పట్టుకుని లాగేది కాదు. ఇంజనూ గొలుసూ ఉండి, చెట్టు కొయ్యడానికి ముందే చుట్టుపక్కల వాళ్ళ చెవులు కోసేది. "డాక్టర్లందరూ గోల్ఫ్ ఆడుకుంటారు, నా ఖర్మకి నాకు మెకానిక్కు మొగుడు దొరికాడు" అని ఫోన్లో మా అక్కతో మొత్తుకునేదాన్ని. ఆయన షెడ్డులోంచే వినేసి నవ్వేవారు. అప్పటికి ఇంకా బాగా వినబడేది.

ఈ పిచ్చి అంటించింది మా ఇంటి ఓనరు. ముసలాయన, రైతు, మా అద్దె ఇంటి పక్కనే ఆయన పొలం. మొదటి చలికాలం గాలివానకి పడిపోయిన చెట్టు చూపించి, "కోసుకుని పొయ్యిలో వేసుకోండి" అన్నాడు. కోసుకోవడానికి ఒక ఎర్ర రంపం కూడా ఇచ్చాడు. అది మా ఆయనకంటే వయసులో పెద్దది. "నడవదనుకో. నడిస్తే గ్రాండ్, నడవకపోతే స్కిప్పులో పడెయ్" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో అందరూ అదే పని చేస్తున్నారు. నిన్నటిదాకా ఆవులు మేసిన చోట ఇళ్ళు లేస్తున్నాయి, ప్రతి గేటు ముందూ ఒక స్కిప్పు, అదే పెద్ద ఇనప చెత్త తొట్టి, అందులో నిక్షేపంలాంటి సోఫాలూ కుక్కర్లూ. జనం కొత్తవి కొంటున్నారు, పాతవి పారేస్తున్నారు. మా ఆయన ఆ చెత్తలో తల దూర్చి రంపాలు ఏరుకునేవారు. నేను కారులో తల వంచుకుని, తెలిసినవాళ్ళెవరూ అటు రాకూడదని దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఎర్ర రంపానికి పోయింది రీడు. ఇంజను ఊపిరి పీల్చే చోట ఉండే చిన్న రేకు అది. కాగితమంత పలచన. లోపలి పిస్టన్ పైకి వెళ్తే తెరుచుకుని పెట్రోలూ గాలీ రానివ్వాలి, కిందికి దిగితే టక్కున మూసుకోవాలి. సరిగ్గా మూసుకోకపోతే పీల్చిందంతా వెనక్కి కక్కేస్తుంది. "గుండెలో కవాటం కూడా ఇంతేనే" అనేవారు. "అది కారితే మనిషికి ఆయాసం, ఇది కారితే రంపానికి." ఆ రంపం చేసిన కంపెనీ రీడులు చెయ్యడం ఎప్పుడో మానేసింది. సరే, నేనే చేస్తానన్నారు.

మొదటి రీడు దేంతో చేశారనుకున్నారు? పనికిరాని ఎక్స్‌రే ఫిల్ముతో! ఆసుపత్రిలో పారేసే ముక్క తెచ్చి, నా కుట్టు కత్తెరతో, నన్నడక్కుండా, చక్కగా ఆకారం కత్తిరించి బిగించారు. ఎవరిదో పక్కటెముక కొస కూడా కనిపిస్తోంది అందులో. ఇంజను నాలుగుసార్లు దగ్గి, వేడికి ఆ రేకు అప్పడంలా ముడుచుకుపోయి ఆగింది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. "నవ్వవే, నవ్వు. రోగి మొదటి ఆపరేషన్లో పోయాడు, అంతే కదా" అన్నారాయన.

ఆ తర్వాత పలచని ఫైబర్ రేకు తెప్పించారు. స్టీలుతో కూడా చెయ్యొచ్చు గానీ, అది విరిగితే ముక్క లోపలికి పోయి ఇంజన్ని నాశనం చేస్తుందట. రెండు ఇనప పలకల మధ్య రేకుని బిగించి, ఆకురాయితో అరగదీసి, అంచులు సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్దేవారు. అంచు మీద గోటికి తగిలేంత గరుకు ఉన్నా అక్కణ్ణించే పగులుతుంది. పూర్తయ్యాక దాని గూట్లో కూర్చోబెట్టి కిటికీ వెలుగులో పట్టుకుని చూసేవారు, సందులోంచి వెలుతురు రాకూడదు. ఆఖర్న నోట్లో పెట్టుకుని పీల్చేవారు. ఒకవైపు ఊపిరి ఆడాలి, ఇంకోవైపు ఆడకూడదు. "ఛీ, పెట్రోలుదండీ!" అని నేను అరిస్తే, "నీ చేతి కాకరకాయ పులుసు కంటే నయమే" అనేవారు.

నడిచిన రంపాన్ని అలా వదిలేస్తే ఆయనెలా అవుతారు? పొగగొట్టం మూతి వెడల్పు చెయ్యడం, లోపలి దారులు అరగదీసి నునుపు చెయ్యడం, దానికి పుట్టుకతో లేని బలం తెప్పించడం. ఇలా మార్చిన ఇంజనుకి పెట్రోలూ గాలీ పాళ్ళు మళ్ళీ సరిచూడాలి. చిన్న స్క్రూ ఒకటి తిప్పుతూ, చెవితో వినాలి. పెట్రోలు ఎక్కువైతే గొంతు ముద్దగా వస్తుంది. తక్కువైతే సన్నగా కీచుమంటుంది, వినడానికి మహా హుషారుగా ఉంటుంది గానీ ఆ హుషారులోనే పిస్టన్ కాలి పట్టేస్తుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది సరైన చోటు. దానికి మీటర్లేవీ లేవు ఆయన దగ్గర. చెవే.

ఆ చెవే పోయింది.

ముందు స్టెతస్కోపు దగ్గర తెలిసింది. చెవుల్లోంచి తీసి దులిపి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ దులిపి, కొత్తది కొన్నారు. కొత్తదీ అంతే. వాళ్ళ తాతగారికీ పెదనాన్నకీ నడివయసులో ఇలాగే అయింది. ఇంటిపేరులా వచ్చిందన్నమాట. చెవి డాక్టరు చూసి, నరమే ఎండిపోతోంది, ఆపరేషన్ వల్ల లాభం లేదు, చెవి మిషను కొన్నాళ్ళు సాయం చేస్తుంది, ఆ తర్వాత అదీ చెయ్యదు అన్నాడు. ఈయనా డాక్టరే కనక అబద్ధమాడి ధైర్యం చెప్పేవాళ్ళు కూడా లేకపోయారు.

ఆ రోజు వంటింట్లో నేను అలమర తలుపు తెరిచి, గిన్నెలన్నీ దించి, ఏం కావాలో మర్చిపోయి నిలబడ్డాను. ఆయన వచ్చి గిన్నెలు ఒక్కొక్కటే మళ్ళీ లోపల పెడుతూ అన్నారు. "ఉద్యోగానికేం భయం లేదే, ఎక్స్‌రేలు చదివే వైపు మారిపోతాను. నువ్వేమంటావో నీ పెదాలు చూసి చెప్పేస్తాను, నువ్వు అనేవి ఎటూ ఆ నాలుగు తిట్లే కదా. పిల్ల మాటే నాకు అందకుండా పోతుందేమో."

మాకు ఒక్కతే కూతురు. ఆ ఏడే బళ్ళో వేశాం. వెళ్ళేటప్పుడు గలగలా తెలుగు, "నాన్నా, చీమ నన్ను కుత్తింది" అంటూ. చలికాలం దాటేసరికి నేనేమడిగినా "అయామ్ గ్రాండ్, మమ్మీ" అనే జవాబు, బాగానే ఉన్నానని. అందరి పిల్లలూ అంతేలే అని అందరూ సర్దుకున్నారు. నేను సర్దుకోలేకపోయాను. దాన్ని బతిమాలాను, కసిరాను, తెలుగులో అడిగితేగానీ అన్నం పెట్టనని బెదిరించాను. అది బిక్కమొహం వేసుకుని కూర్చునేది, నాకే ఏడుపొచ్చి పెట్టేసేదాన్ని. అర్థం అన్నీ అవుతాయి దానికి. నాలుకే తిరగదు. ఆయన నా తెలుగుని పెదాల మీద చదవడం నేర్చుకుంటున్న ఆ నెలల్లోనే, అది పెదాలు కదపకుండా మాట్లాడే ఆ లీష్ జిల్లావాళ్ళ ఇంగ్లీషు నేర్చుకుంటోంది. పిల్ల వంక, దాని నోటి వంక ఆయన రెప్ప వెయ్యకుండా చూసేవారు. రెండోసారి చెప్పమంటే చెప్పేది. మూడోసారికి "నెవర్ మైండ్, నాన్నా" అనేది. ఆ రెండు మాటలు మాత్రం బాగా గుర్తుపట్టేవారు ఆయన.

రంపాలు వదిలెయ్యండి అన్నాను. వదల్లేదు. "నువ్వు విని చెప్పు" అన్నారు. ఇంజన్ల సంగతి నాకేం తెలుసండీ! ఆయన చెయ్యి రంపం పిడి మీద, కళ్ళు నా మొహం మీద. నాకు తోచిన మాట నోరంతా తెరిచి చెప్పేదాన్ని. ముద్దగా వస్తే బుడబుడ. సన్నగా అరిస్తే కీచుకీచు. రీడు సరిగ్గా మూసుకోక వెనక్కి కక్కుతుంటే తుస్సుతుస్సు. ఏ పనీ లేకుండా నెమ్మదిగా, హాయిగా తిరుగుతుంటే టుకుటుకు. "బుడబుడా? ఎంత బుడబుడ? చారు మరిగినంతా, పప్పు ఉడికినంతా?" అని ఆయన. "పప్పండీ, కందిపప్పు!" అని నేను. స్క్రూ ఇంకాస్త తిప్పేవారు. మా పెళ్ళయ్యాక ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్నది ఆ షెడ్డులోనే. పిల్ల గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, రెండు చెవులూ మూసుకుని మమ్మల్ని చూసేది.

డ్రోహెడా అనే ఊళ్ళో మా స్నేహితురాలు ప్రసవించింది. చూసుకోవడానికి మనిషి లేదంటే వెల్లుల్లి కారమూ, వాము పొడీ కట్టుకుని వెళ్ళి శనివారం తిరిగొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. షెడ్డులో ఎర్ర రంపం మోగుతోంది. పాత రీడు పగిలితే కొత్తది చేసి వేశారట. నేను లేకుండా ఎవరు వింటున్నారు! కిటికీ దగ్గరికి పరిగెత్తాను.

పిల్ల స్టూలు మీద నిలబడి ఉంది. చెవుల మీద చేతుల్లేవు. నోరు ఇంత చేసుకుని, "బుడబుడ! నాన్నా, బుడబుడ!" అని అరుస్తోంది. ఆయన స్క్రూ తిప్పారు. "ఇంకా! పప్పు!" మళ్ళీ తిప్పారు. "కీచు! కీచు! నాన్నా, నో!" వెనక్కి తిప్పారు. పిల్ల తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని విని, బొటనవేలు పైకెత్తింది. ఆయన మొహం చూడాలి మీరు. అంత వెలుగు ఆ మొహంలో నేను పెళ్ళిపీటల మీద కూడా చూడలేదు.

ఇంజను ఆపేసి దాని ముందు గొంతుక్కూర్చుని, "బళ్ళో ఏం చేశావమ్మా, చెప్పు" అన్నారు. అది మొదలుపెట్టింది. చేతులూపుతూ, గెంతుతూ, ఎవరో ఎవరినో తోసిందట, టీచరేదో అందట, అంతా ఇంగ్లీషులో, ఊపిరి కూడా తీసుకోకుండా. ఆయన తలూపుతున్నారు. నవ్వవలసిన చోట నవ్వుతున్నాననుకుంటున్నారు పాపం, కానీ ఒకచోట పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, అక్కడ కూడా నవ్వారు. అది ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. ఎంతో వెతికి, తనకున్న తెలుగులోంచి ఒక్క మాట తీసి ఇచ్చింది.

"టుకుటుకు, నాన్నా."

బాగానే ఉన్నానని. ఆయన దాన్ని దగ్గరికి లాక్కున్నారు. నేను అక్కడే గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎందుకేడుస్తున్నానో, సంతోషమో దుఃఖమో నాకే తెలియలేదు.

ఆ తర్వాత తండ్రీ కూతుళ్ళు ఆ నాలుగు మాటలతోనే బతికారు. పొద్దున్నే "టుకుటుకా?" అని ఈయన, జ్వరమొస్తే "తుస్సుతుస్సు" అని అది. పరీక్షలు కీచుకీచు. కోపమొస్తే బుడబుడ. మిగతాదంతా నేను మధ్యలో నిలబడి, దాని మాటలు ఆయనకి మోసేదాన్ని. మోసి మోసి అలిసిపోయి సగం చెప్పి వదిలేసిన రోజులూ ఉన్నాయి. చెవి మిషను సాయం కూడా అయిపోయింది. ఒక రోజు దాన్ని తీసి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని రీడులుండే సొరుగులో పెట్టేశారు.

పిల్ల పెద్ద క్లాసుకి వచ్చాక బళ్ళో కచేరీ పెట్టారు. అది ఒంటరిగా ఐరిష్ భాషలో ఒక పాట పాడింది. ఆ మాటలు నాకూ అర్థం కావు. ఆయన ముందు వరసలో, రంపం పిడి పట్టుకున్నట్టు కుర్చీ చేతులు పట్టుకుని, దాని నోటినే చూస్తూ కూర్చున్నారు. పాట అయ్యేసరికి హాలంతా లేచి నిలబడింది. మా ఓనరు ముసలాయన రుమాలు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అందర్నీ చూసి ఈయన కూడా లేచి, అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి పిల్ల పడుకోవడానికి పైకి వెళ్ళింది. ఆయన చెప్పులు కూడా విప్పకుండా నా ఎదురుగా కుర్చీ లాక్కుని, నా మొహం దీపం వైపు తిప్పారు, షెడ్డులో తిప్పుకున్నట్టే.

"దాని గొంతు ఎలా ఉందే ఇప్పుడు? నాకు ఆ చీమ కుట్టిన గొంతే గుర్తుంది."

ఇంజను దగ్గుకి మాట చెప్పినదాన్ని, కీచుకి చెప్పినదాన్ని, పప్పుకీ చారుకీ తేడా చెప్పినదాన్ని. నోరు తెరిచాను. మూశాను. మళ్ళీ తెరిచాను. నా దగ్గరున్న తెలుగంతా వెతికినా ఆ గొంతుకి మాట లేదు.

ఆయన ముందుకి వంగి, నా పెదాల మీదనుంచి కళ్ళు తీయకుండా, తప్పు తనదే అన్నట్టు మొహమాటంగా నవ్వారు.

"అందలేదే. ఇంకొక్కసారి చెప్పవూ?"