వసపిట్ట ఊఁ కొట్టడం నేర్చుకున్న వైనం

మా కాలేజీ జాజ్ బృందంలో నేను బాస్ వాయించేవాణ్ని. బాస్ అంటే చూడ్డానికి నాకంటే పొడుగైన వయొలిన్‌లా ఉంటుంది. వాయిస్తున్నంతసేపూ అది ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు, ఆపేస్తే మాత్రం అందరూ తిరిగి చూస్తారు. దాన్ని ఎక్కించుకోనని బస్సు కండక్టరుతో రోజూ గొడవే. ఇలాంటి బతుకు బతికేవాడికి కాస్త కోపం ఎక్కువుంటే తప్పు పట్టకూడదు. ఆ కోపంలో పెద్ద వాటా పియానో దగ్గర కూర్చునే అమ్మాయిది.

ఆమెను కాలేజీ మొత్తం వసపిట్ట అనేది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా అతికింది. పొద్దున గేటు దగ్గర ఎత్తుకున్న మాట మధ్యాహ్నం క్యాంటీన్లో ముగిసేది. మధ్యలో వినేవాళ్లు మారిపోయినా ఆమె పట్టించుకునేది కాదు. ఒకసారి ఎవరికో పెళ్లైన వార్త నాకు సగం చెప్పి, మిగతా సగం లైబ్రేరియన్‌కి చెప్పింది. పెళ్లి ఎవరిదో నాకు తెలీదు, ఎవరితోనో ఆయనకు తెలీదు.

వాళ్లింటికి వెళ్లి చూశాక ఆమె మీద కోపం సగం తగ్గింది. సైకిళ్ల కొట్టు పైన మూడు గదుల ఇల్లు. వాళ్ల నాన్న మార్కెట్లో వేలంపాట నడుపుతాడు. అమ్మ ఒకటో తరగతి టీచరు. మావయ్య బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్తాడు. ముగ్గురూ పగలంతా గొంతు చించుకుని, సాయంత్రం సేదతీరడానికి కబుర్లు చెప్పుకుంటారు. నేను కుర్చీలో కూర్చున్నానో లేదో, ముగ్గురూ మూడు సంగతులు ఒకేసారి నాకే చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి వైపు తలూపాలో తెలియక నేను గోడకేసి ఊపాను. ఆ ఇంట్లో మాట మధ్యలో ఊపిరి పీల్చుకుంటే అంతే సంగతులు, ఆ వాక్యాన్ని ఇంకొకరు పాడేసుకుంటారు. అక్కడ పెరిగిన పిల్ల ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుందంటే విడ్డూరమేముంది!

పియానోనే ఎందుకు పట్టుకున్నావని అడిగితే ఆమె చెప్పిన జవాబు నాకింకా గుర్తుంది.

"పది వేళ్లతో ఒకేసారి మాట్లాడొచ్చు, మధ్యలో ఎవ్వరూ దూరలేరు. ఏడాది చివర కచేరీ ఉందిగా, దానికి మావాళ్లందరినీ తీసుకొస్తా. హాల్లో లైట్లు తీసేస్తారు, నోరు విప్పితే పక్కవాళ్లు తిడతారు, ఇంక చచ్చినట్టు వినాల్సిందే. పుట్టి ఇన్నేళ్లయింది, నేను చెప్పింది మావాళ్లు మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా వినలేదు తెలుసా?"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా బృందాన్ని నడిపే మేడమ్‌ది ఇంకో రకం. కోపం పెరిగేకొద్దీ ఆవిడ గొంతు తగ్గుతుంది. మొదటిరోజే మమ్మల్నందరినీ నిలబెట్టి, ముందుకు వంగి వింటే తప్ప వినపడనంత మెల్లగా చెప్పింది.

"సాధన ఇంట్లో చేసుకోండి, ఇక్కడికి నేర్చుకుని రండి. నేనొచ్చేసరికి శ్రుతి చేసుకోవడం అయిపోవాలి. ఆలస్యమైతే తలుపు బయట నిలబడి వినండి, నాకేం అభ్యంతరం లేదు. ప్రతి ఒక్కళ్లూ తమ వంతు వచ్చినప్పుడు సొంతంగా ఒక సోలో వాయించి తీరాలి. సిగ్గు, జలుబు, తలనొప్పి ఇవేవీ కుదరవు. ఇక ఆఖరి మాట. ఒకరు సోలో వాయిస్తుంటే మిగతావాళ్లు వాళ్లకి తోడుండాలి, మీద పడకూడదు. మీద పడేవాళ్లు ఈ బృందంలో ఉండరు."

ఆఖరి మాటకి అందరం పియానో వైపు తిరిగాం. వసపిట్ట కూడా ఆ దోషి ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ఆమె చేతిలో ఎక్కువగా నలిగినవాడు ట్రంపెట్ వాయించే మౌని. ఇది మాత్రం మేం పెట్టిన పేరే. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పాలన్నా సగం భోజనం అయ్యేదాకా మాటలు కూడబలుక్కునేవాడు. ట్రంపెట్ కూడా అలాగే వాయించేవాడు. రెండు ముక్కలు వాయించి ఆగేవాడు, ఆలోచించేవాడు, మళ్లీ ఊదేవాడు. అతను ఆగడమే తరువాయి, వసపిట్ట ఆ ఖాళీ జాగాని కబ్జా చేసేది. పునాదులు తవ్వి, గోడలు లేపి, పైకప్పు కూడా వేసేసేది. పాపం మౌని ట్రంపెట్ నోటి దగ్గర పెట్టుకుని, తన స్థలం తనకి దొరుకుతుందేమోనని చూస్తూ నిలబడేవాడు.

ఒక రిహార్సల్లో మేడమ్ చెయ్యెత్తి అందరినీ ఆపింది.

"అమ్మాయ్, అతను మాట్లాడుతున్నాడు."

"ఎక్కడ మేడమ్, ఆపేశాడుగా! అంతా బోసిగా ఉందని నేనే..."

"ఆపలేదు, ఆలోచిస్తున్నాడు. పిల్లలకి కథ చెప్తే వాళ్లేం చేస్తారు?"

"నిద్రపోతారు మేడమ్."

"నిద్రపోయేలోపల?"

"ఊఁ కొడతారు."

"అదీ. కథ అతన్ని చెప్పనీ, నువ్వు ఊఁ కొట్టు చాలు."

మళ్లీ మొదలుపెట్టాం. మౌని రెండు ముక్కలు వాయించి ఆగాడు. వసపిట్ట రెండు చేతులూ ఎత్తి ఒక్కటిచ్చింది. పియానో మీదున్న కాగితాలు ఎగిరి నేలమీద పడ్డాయి.

"ఊఁ కొట్టమన్నాను. పియానోని కొట్టమనలేదు," అంది మేడమ్, ఇంకాస్త మెల్లగా.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి మౌని ఆగగానే ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, తల పక్కకి వాల్చి, నోటితో "ఊఁ" అంది. డ్రమ్స్ వాయించేవాడి చేతిలోంచి పుల్ల జారిపోయింది. నేను బాస్ వెనక దాక్కుని నవ్వాను. దానికి ఆ సదుపాయం ఉంది.

మేడమ్ గొంతు దాదాపు వినపడలేదు. "కచేరీకి ముందు వారం చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఆ కుర్చీలో ఇంకొకళ్లు కూర్చుంటారు."

వసపిట్ట బస్టాపు దాకా ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఆమె పక్కన నడుస్తూ ఆ నిశ్శబ్దాన్ని భరించలేక నేనే ఏదేదో వాగాను.

మర్నాడు ఒక ఉపాయంతో వచ్చింది. మనుషుల మీద సాధన చేసి ఊఁ కొట్టడం నేర్చుకుంటుందట. ఆ వారమంతా ఇంట్లో ఆమె నోట ఊఁ తప్ప ఇంకో మాట లేదు. మొదట వాళ్లమ్మ నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదని తేలాక ఆ ఇంటికి పండగొచ్చినంత పనైంది. ఇన్నేళ్లకి ఆ ఇంట్లో వినే మనిషి దొరికితే ఊరుకుంటారా? ముగ్గురూ వంతులేసుకుని మరీ చెప్పారు. వసపిట్ట లోపల తాళం లెక్కపెట్టుకుంటూ, తాళం పడ్డచోటల్లా ఒక ఊఁ పడేసింది. వాళ్లేం చెప్తున్నారో ఒక్క ముక్క వినలేదు.

వారం చివర పరుగెత్తుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"కొంప మునిగింది! పిన్నివాళ్లు ఇల్లు మారుతున్నారట. సామాన్లు సర్దడానికి మేమందరం వెళ్తున్నామట. అమ్మ వ్యాన్ కూడా మాట్లాడేసింది. ఎప్పుడనుకున్నావ్? సరిగ్గా కచేరీ రోజు సాయంత్రం!"

"మరి నువ్వు కుదరదని చెప్పలేదా?"

"నేను ఊఁ అన్నానట! ఒకసారి కాదు, మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అన్నానట!"

"అంటే ఒప్పుకున్నట్టేగా."

"ఒప్పుకోలేదయ్యా బాబూ, ఊఁ కొట్టానంతే!"

సంగతి విన్న మేడమ్ కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆవిడ గొంతు అంత పెద్దదని మాకు అప్పుడే తెలిసింది. నవ్వు తగ్గాక వసపిట్టని పియానో దగ్గర, మౌనిని ఎదురుగా కూర్చోబెట్టింది.

"వినకుండా కొడితే అది ఊఁ కాదు, గోడగడియారం. ఇప్పుడు చెప్పు, అర్థం కానప్పుడు ఎలా అంటావ్?"

"ఊఁ?"

"తర్వాతేమైందని అడగాలంటే?"

"ఊఁ..."

"ఒప్పుకోకపోతే?"

"ఊహూఁ."

"కోతలు కోస్తున్నాడని తెలిసినా పోనీలే అనుకుంటే?"

"ఊఁ ఊఁ."

"ఇవన్నీ ఆ పియానో మెట్ల మీద ఉన్నాయి, వెతుక్కో."

"మరి ఎప్పుడు ఏది కొట్టాలో ఎలా తెలుస్తుంది మేడమ్?"

"అతను ఏం చెప్తున్నాడో వింటే తెలుస్తుంది. అడ్డదారి నాకూ తెలీదు."

ఆ రోజు మౌని వాయించాడు, ఆమె వెతుక్కుంది. చాలాసార్లు చేతులు పైకెత్తి, పళ్లు బిగించి, మళ్లీ దించేసుకుంది. చూడ్డానికి దాహమేసినవాడు గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నట్టుంది. నాలుగు రోజులకి ఒక చిన్న స్వరం సరైనచోట పడింది. మౌని ఉలిక్కిపడి ఆమె వైపు చూసి, కొత్తగా ఏదో వాయించాడు. వారం చివర మేడమ్ పరీక్ష పెట్టి, "ఉండు," అని ఒక్క మాట అంది. వసపిట్ట ఏడ్చేసింది.

ఇక మిగిలింది ఇల్లు మారే గొడవ. తల్లీకూతుళ్లు గట్టిగా వాదించుకుని చివరికి రాజీకి వచ్చారు. ముందు వ్యాన్‌లో సామాను ఎక్కించేస్తారు. కొత్తింటికి వెళ్తూ దారిలో కాలేజీ దగ్గర ఆగి, కచేరీ విని, తర్వాత సామాను దింపుకుంటారు. ఆ రోజు కాలేజీ ఆవరణలో బీరువా, మంచాలు, చుట్టిన పరుపులతో ఒక వ్యాన్ వచ్చి ఆగింది. హాస్టల్ ఇటు కాదని వాచ్‌మన్ మొత్తుకున్నాడు. రెండో వరుసలో వసపిట్ట అమ్మ, నాన్న, మావయ్య, పక్కన పిన్ని. వ్యాన్‌లో పెడితే పగులుతుందని పిన్ని పెద్ద అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేదిక మీది దీపం ఆ అద్దంలో పడి తిన్నగా నా కళ్లలోకే కొట్టింది.

ఆఖరి పాటలో మొదట మౌని సోలో, తర్వాత వసపిట్టది. ఆమె సోలో కోసమే వాళ్లందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. ఆ సోలోని ఆమె నెలల తరబడి సాధన చేసింది. నాకే నోటికొచ్చేసింది, ఆమెకి రాకుండా ఉంటుందా!

మౌని మొదలుపెట్టాడు. రెండు ముక్కలు వాయించి ఆగాడు. ఈసారి ఆలోచిస్తున్నట్టు లేదు, మొహం తెల్లబోయింది. నేనూ డ్రమ్స్ వాడూ తాళం తప్పకుండా ఈడ్చుకెళ్తున్నాం. హాలంతా బిగుసుకుపోయింది. అంతలో మావయ్య పక్కవాళ్లకి రహస్యంగా, అంటే బస్టాండంతా వినపడేట్టు, "ఆగిపోయినట్టుందే!" అన్నాడు.

నేను వసపిట్ట చేతులకేసి చూశాను. దూకడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. ఇప్పుడు అందుకుంటే తప్పు పట్టేవాళ్లు లేరు సరికదా, పరువు కాపాడిందని మెచ్చుకుంటారు కూడా. ఆమె వేళ్లు లేచాయి. ఒకే ఒక చిన్న ప్రశ్న వేసి ఆగాయి. మౌని తల తిప్పాడు. ఆమె ఇంకొకటి అడిగింది, ఇంకా మెల్లగా. అతను జవాబు చెప్పాడు. ఆ జవాబులోంచి ఇంకో మాట పుట్టింది, దాన్లోంచి ఇంకొకటి. అంతవరకూ ముక్కలు ముక్కలుగా ఊదిన మనిషి ఆ రోజు విడవకుండా వాయించాడు.  వసపిట్ట వంతు వచ్చింది. మౌని వాయిస్తూనే, ఆపేయనా అన్నట్టు ఆమె వైపు చూశాడు. అతని మాట ఇంకా పూర్తి కాలేదని నాకే తెలుస్తోంది. ఆమె తర్వాత ఏమైందన్నట్టు ఊఁ కొట్టి, తన వంతు అతనికి వదిలేసింది. పాట అతనితోనే ముగిసింది. హాలు చప్పట్లతో మోగిపోయింది.

బయట వసారాలో వాళ్లవాళ్లు ఆమెను చుట్టుముట్టారు.

"ఏమే, ఇంతకీ నువ్వెప్పుడు వాయించావ్?"

"అంతసేపూ ఆ బూర అబ్బాయే గదమ్మా!"

"సామాను వ్యాన్‌లో వదిలేసి వచ్చాం, నీది మాకేం వినపడిందని?"

 అప్పుడే ట్రంపెట్ పెట్టె పట్టుకుని వచ్చిన మౌని, "ఆంటీ..." అన్నాడు. ఆ మాట ఎవరికీ చేరలేదు. మళ్లీ "ఆంటీ..." అన్నాడు.

"అతను ఏదో చెప్తున్నాడు," అంది వసపిట్ట, అచ్చం మేడమ్‌లా మెల్లగా. ఆమె గొంతు అంత తగ్గడం వాళ్లెప్పుడూ ఎరగరేమో, భయపడి నోళ్లు మూశారు.

మౌని చాలాసేపు మాటలు కూడబలుక్కున్నాడు. ఎవరూ కదల్లేదు.

"తన వంతు నాకిచ్చేసిందండీ. నాకు... మాట దొరక్కపోతే అందరూ వాళ్లే పూర్తి చేసేస్తారు. చిన్నప్పట్నుంచీ అంతే. ఇవాళ తను ఆగింది. నా మాట నేనే పూర్తి చేసుకున్నానండీ."

వాళ్లమ్మ అతన్ని చూసి, తర్వాత కూతుర్ని చూసింది.

"నీ వంతు ఇచ్చేశావా?" అంది. "మరి నీ మాటో?"

వసపిట్ట తల అడ్డంగా ఊపింది, కళ్లనిండా నీళ్లు. వాళ్లమ్మ ఇంకేమీ అనకుండా ఆమె చెయ్యి పట్టుకుని హాల్లోకి నడిచింది. అక్కడ కుర్చీలు మడుస్తున్నారు. రెండో వరుసలో నాలుగు కుర్చీలు మళ్లీ తెరిపించి అందరినీ కూర్చోబెట్టింది. ఆర్పేసిన వేదిక దీపాన్ని మేడమ్ మళ్లీ వేసింది.

వసపిట్ట వాయించడం మొదలుపెట్టింది. నేను సాధనలో విన్నది కాదిది. మధ్యమధ్య ఆగింది, ఊపిరి తీసుకుంది, మళ్లీ చెప్పింది. అలా సగంలో ఆగినప్పుడు తలుపు దభాలున తెరుచుకుంది. వ్యాన్ డ్రైవరు లోపలికొచ్చి, "ఏవండీ, ఇంకెంతసేపండీ, నేను అవతల..." అని అందుకున్నాడు.

వేలంపాట, ఒకటో తరగతి, బస్టాండు మూడూ ఒకేసారి వెనక్కి తిరిగి "ఉష్!" అన్నాయి. డ్రైవరు కిక్కురుమనకుండా చివరి కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది.