మొప్ప ఎత్తి చూసే మనిషి

రేపల్లె నుంచి తెనాలి బడికి నేను వెళ్లే పొద్దుటి రైల్లో, ఎదుటి సీట్లో ఒక చేపలావిడ కూర్చునేది. కాళ్ల దగ్గర చేపల గంప, నోట్లో సినిమా కబుర్లు. ఆదివారం మ్యాట్నీ మానేది కాదు. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసినట్టే సినిమానీ చూసేది. తీర్పు చెప్పేటప్పుడు చూపుడువేలితో గాలిలో మొప్ప ఎత్తేది.

“మొన్నటి దెయ్యం సినిమా ఐసులో పెట్టిన సరుకు మాస్టారూ. పైకి మెరుపే, లోపల మెత్తబడింది. ఆ ముసలి మొగుడూపెళ్లాల బొమ్మ మాత్రం ఎర్రటి మొప్ప. నాలుగు రోజులకే ఎత్తేశారు. చూడనోళ్లదే నష్టం.”

ఒకరోజు పెట్టె అంతా ఒక కొత్త సినిమాను తెగ పొగుడుతోంది. ఆవిడ వేలు లేవలేదు.

“బాలేదు,” అంది.

“అదేంటి పిన్నిగారూ, ఊరంతా బాగుందంటుంటే!” అన్నాడు పక్కనున్న బ్యాంకు గుమస్తా.

“ఊరంతా అంటే, నేను ఊళ్లో లేనా ఏంటి? అందులో చేపలమ్మి కనపడ్డప్పుడల్లా హీరో ముక్కు మూసుకుంటాడు. హాలంతా ఒకటే నవ్వు. నేను లేచి నిలబడ్డా. కూర్చోమని వెనకాళ్లు అరిచారు. ఆ సీను అయిందాకా కూర్చోలా. నన్ను చూసి నవ్వేవాళ్లని నేనెందుకు బొమ్మ చూడనివ్వాలండి?”

ఆవిడ నా వైపు తిరిగి వేలెత్తింది.

“మీరూ చూశారుగా మాస్టారూ. నవ్వారా?”

నవ్వాను. ఆ మాట చెప్పాలంటే ముందు నా ముక్కు మీది రుమాలు తీయాలి.